ఊయల్లో బిడ్డ ఏమన్నాడు

నెలలు నిండని పిల్లల వార్డులో నేను నర్సును. నా నోటికి డాక్టర్లే జడుస్తారు. అలాంటి నన్ను ఆ వియ్యపురాళ్ళిద్దరూ మూడు చెరువుల నీళ్ళు తాగించారు.

బిడ్డ అరచేతిలో పట్టేంత ఉన్నాడు. తల్లికి విడవని జ్వరం, వేరే వార్డులో ఉంది. అలాంటి పిల్లల్ని ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరి గుండెకు, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి గుడ్డతో కడతాం. ఊపిరి తీసుకోవడమే మరిచిపోతుంటారు పాపం. ఆ వెచ్చదనానికీ ఆ గొంతుకీ కాస్త కుదురుకుంటారు. అందుకే మెల్లగా మాట్లాడుతూ ఉండమంటాను.

అమ్మమ్మ క్రైస్తవురాలు, నానమ్మ ముస్లిం. వంతులు వేసుకుని బిడ్డను గుండెకు కట్టుకునేవారు. ఇద్దరూ వాడికి చెప్పేది యేసు కథే. గొడవంతా అక్కడే వచ్చింది.

"యేసయ్య దేవుడి కొడుకురా బుజ్జీ. మన కోసం సిలువ మీద ప్రాణం పెట్టి తిరిగి లేచాడు," అనేది అమ్మమ్మ.

పక్క కుర్చీలోంచి నానమ్మ ఊరుకునేది కాదు. "దేవుడికి కొడుకులేంటి వదినగారూ? ఈసా ప్రవక్త. ఆయన్ని సిలువ వెయ్యనే లేదు. దేవుడు తన దగ్గరికి తీసేసుకున్నాడు."

"పసివాడికి లేనిపోనివి నూరిపోయకండి వదినగారూ."

"మొదలెట్టింది ఎవరండీ?"

"ఇంకొక్క మాట వినబడిందా, ఇద్దర్నీ బయట కూర్చోబెడతా," అన్నాను. "ముందు వాణ్ణి బతకనివ్వండి. ఏ మతమో తర్వాత తేల్చుకోవచ్చు." ఇద్దరూ అత్తగారి ముందు కొత్తకోడళ్ళలా తలలు దించుకున్నారు.

మర్నాడు పొద్దున నానమ్మ వంతు. ఈసా తల్లి మరియం కథ ఎత్తుకుంది. మగవాడి ఊసే లేకుండా తల్లయిన మరియం, పసికందును ఎత్తుకుని తనవాళ్ళ దగ్గరికి వచ్చిందట. ఇదేం పనని నిలదీస్తే పెదవి విప్పకుండా, ఊయల్లో పడుకోబెట్టిన బిడ్డ వైపు చెయ్యి చూపించిందట. అమ్మమ్మ మొహం చిట్లించుకుని వింటోంది. ఈ ముక్క ఆమె ఎన్నడూ విన్నది కాదు.

అంతలో బిడ్డ ఊపిరిని కనిపెట్టే యంత్రం కూత పెట్టింది. బిడ్డ ఊపిరి ఆగింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఒక్క అంగలో వచ్చి అరికాలి మీద వేలితో కొట్టాను, వీపు రుద్దాను. ఉలుకూ పలుకూ లేదు. నానమ్మ కథ మధ్యలో ఆపేసింది.

"ఆపకండమ్మా, చెప్పండి!" అని అరిచాను. ఆమె వల్ల కాలేదు.

అమ్మమ్మ గబగబా వచ్చి వియ్యపురాలి పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టింది. యేసయ్యను కాపాడమని వేడుకుంటుందనుకున్నాను.

"మరియమ్మ చెయ్యి చూపించిందిరా నాన్నా," అంది. "అందరూ ఊయల్లోకి చూశారు. అప్పుడు ఆ బిడ్డ నోరు తెరిచి..." ఆగిపోయి, వియ్యపురాలి మొహంలోకి చూసింది. "ఏమన్నాడు? నాకు తెలీదు. చెప్పు వదినా, ఏమన్నాడు?"

నానమ్మ అందుకుంది. "దేవుడి దాసుణ్ణి అన్నాడు. పుట్టిన నాడూ, పోయే నాడూ, మళ్ళీ ప్రాణంతో లేచే నాడూ తనకు శాంతే అన్నాడు."

బుడ్డోడు ఒళ్ళు విదిల్చుకుని క్యారుమన్నాడు.

అది నా వేలి పనే అయ్యుండచ్చు. నా చదువు అదే చెబుతుంది. అయినా పిలవకుండానే ఎవరో గదిలోకి వచ్చినట్టనిపించింది.

"పోయి మళ్ళీ లేస్తాడని మీలోనూ ఉందా?" అంది అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఉంది వదినా. అది ఇంకా జరగాలంటాం మేం. ఆయన తిరిగొచ్చాక."

"తిరిగొస్తాడని మేమూ అంటాం." అమ్మమ్మ బిడ్డ మీది గుడ్డ సర్దింది. "దాసుడంటే మాత్రం ఒప్పుకోను."

"కొడుకంటే నేనూ ఒప్పుకోను."

ఇద్దరి చేతులూ ఆ చిన్న వీపు మీదే ఉన్నాయి. వాటి కింద ఊపిరి ఆడుతోంది.

"వింటున్నాడు వదినా," అంది అమ్మమ్మ. "నేను నమ్మను. అయినా మొదట్నుంచీ చెప్పు."