బాగున్నవాళ్ళకు ఫోను రాదు

పళ్ళ సెట్లు తయారుచేసే ఆ మనిషికి ముఖాలతో పని లేదు. దంతవైద్యులు తీసిన అచ్చులు అట్టపెట్టెల్లో వస్తాయి. వాటిలో ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక మైనం అద్ది, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, పై వరుస కింది వరుసను ఎక్కడ తాకుతుందో సరిచూసి పంపేస్తాడు. ఆ పళ్ళతో నవ్వేదెవరో, వాటితో ఆలిని తిట్టేదెవరో అతనికి తెలియదు. వర్క్‌షాపులో అందరూ అతన్ని పళ్ళ మేస్త్రీ అంటారు.

కొంతకాలంగా మేస్త్రీకి తన నోరే తనకు బరువైంది. పొద్దున చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడితే, ఎటు వెళ్ళాలో తెలిసి కూడా కాలు కదిలేది కాదు. పని బల్ల ముందు కూర్చుంటే, కరిగించిన మైనం గరిటెలోనే పేరుకుపోయేది.

“ఏం గురూ, ఊరందరికీ నవ్వులు చేసిపెట్టి నీకోసం ఒక్కటీ దాచుకోలేదా?” అన్నాడు ఓనరు. పాలిష్ పట్టేవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వకపోతే కారణం చెప్పవలసి వస్తుంది.

ఆసుపత్రి వైద్యురాలు దాన్ని కుంగుబాటు అన్నది. ఎదురుగా కూర్చుని మాట్లాడే చికిత్సకు చాలామంది వరుసలో ఉన్నారనీ, ఈలోగా ఇంటర్నెట్‌లో ఒక చికిత్సా కార్యక్రమం ఉందనీ చెప్పింది. పాఠాలూ అభ్యాసాలూ ఫోనులోనే వస్తాయి. రాసినదాన్ని ఒక సలహాదారు చదివి వారానికొకసారి జవాబిస్తుంది. సగం దారిలో ఒక ప్రశ్నావళి ఉంటుంది. అప్పటికీ తేరుకోనివారికి ఆమె స్వయంగా ఫోన్ చేసి మాట్లాడుతుంది, అవసరమనుకుంటే వరుసతో పని లేకుండా వైద్యురాలి దగ్గరకు పంపిస్తుంది.

మేస్త్రీ చేరింది ఆ ఫోను కోసమే.

మొదట్లో తానే రాశాడు. ఈ రోజు ఏం చేయగలిగారని అడిగితే, ‘చెప్పులు వేసుకున్నాను’ అని రాశాడు. ‘అదీ పనే. తర్వాత ఏమైంది?’ అని జవాబు వచ్చింది. ఆ చివరి రెండు మాటల్ని అతను మళ్ళీమళ్ళీ చదువుకున్నాడు. ఇంకెన్నాళ్ళిలా అని అడిగినవాళ్ళున్నారు గాని, తర్వాత ఏమైందని అడిగినవారు లేరు. ఆ సలహాదారు కూడా తనలాంటిదే, ముఖం చూడకుండా అచ్చును బట్టి పని చేసే మనిషి. ఫోను వస్తే ఏం చెప్పాలో పళ్ళు అమర్చుకున్నట్టు లోలోపల అమర్చుకోసాగాడు.

అతని భార్య బడిలో లెక్కల టీచరు. పూర్తికాని పాఠం పక్కన వెలిగే ఎర్రచుక్క ఆమె కంట్లో నలుసులా పడింది.

“ఏవండీ, ఇదింకా ఎర్రగానే ఉందేంటి?”

“రాస్తాలే.”

“మీరు రాసేలోపు మా బడిపిల్లలు పరీక్షలు రాసి, పాసై, రిటైరు కూడా అవుతారు. ఇటివ్వండి. మీరు చెప్తూ ఉండండి, నేను టైపు కొడతాను.”

కొన్నాళ్ళు అతను చెప్పాడు, ఆమె కొట్టింది. క్రమంగా అతని వాక్యాలు మధ్యలోనే ఆగిపోతుంటే, వాటిని ఆమె పూర్తిచేసింది. ప్రశ్నావళి వచ్చిన సాయంత్రం అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“నిజం రాయి” అన్నాడు అటు తిరిగే.

“రాస్తున్నాగా” అన్నదామె.

మర్నాటి నుంచి మేస్త్రీ ఫోనును పని బల్ల మీద, ప్లాస్టరు చిందనంత దూరంలో పెట్టుకున్నాడు. మోగినప్పుడల్లా చేతులు తుడుచుకుని పరుగున అందుకున్నాడు. అప్పిస్తామనేవాళ్ళూ, ప్లాట్లు అమ్ముతామనేవాళ్ళూ తప్ప మరెవరూ పలకలేదు. వారం తిరిగాక భార్యను అడిగాడు.

“ఆవిడ నాకు ఫోనెందుకు చెయ్యలేదు?”

“బాగున్నవాళ్ళకి ఎందుకు చేస్తారండీ?” అనేసి, ఆమె నాలుక కరుచుకుంది.

“ఏం రాశావు?”

“బాగున్నారని.”

“నిద్ర?”

“పడుతోందని.”

“ఆకలి?”

“వేస్తోందని.”

“మరి, బతకాలని ఉందా అని అడిగుంటారే...”

“దాన్ని నేను సరిగా చదవను కూడా చదవలేదు. కళ్ళు మూసుకుని మంచి జవాబు మీద నొక్కేశాను. ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నామనేగా అంటాం! మా ఆయనకి బతకాలని లేదని నా చేత్తో ఎలా రాయమంటారు? పైన తథాస్తు దేవతలుంటారు.”

“లెక్కల టీచరువే నువ్వు!”

“లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చేస్తాను. మిమ్మల్నేం చెయ్యను?”

“అచ్చు తీసేటప్పుడు కొందరు డాక్టరు మెచ్చుకోవాలని దవడ ముందుకు తోసి కొరుకుతారు” అన్నాడు మేస్త్రీ. “నేను చేసిన పళ్ళు ఆ అచ్చుకి అద్భుతంగా కుదురుతాయి. ఆ నోటికే కుదరవు.”

ఆ కార్యక్రమం తెర మీద అప్పటికే అభినందనలు వచ్చి ఉన్నాయి. మిగిలిన పాఠాలు తనంతట తాను చదువుకోవచ్చు. సలహాదారు సమయాన్ని మాత్రం మరొకరికి కేటాయించారు. జవాబు రాసే గడి మూసుకుపోయింది. భార్య బడికి సెలవు పెట్టి ఆసుపత్రికి పోయి, తప్పంతా తనదేనని మొత్తుకుంది.

“మెరుగైనట్టు ఉందమ్మా ఇక్కడ” అన్నాడు గుమాస్తా తెర చూసి. “మెరుగవకపోతే మళ్ళీ పేరు రాయించుకోండి. వరుస చివర్లో వస్తుంది.”

రాయించుకుని వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె తల్లి ఫోన్ చేసి, అల్లుడికి ఇమ్మన్నది. మేస్త్రీ లేచి కూర్చుని అందుకున్నాడు.

“ఎలా ఉన్నావు నాయనా?”

“బాగున్నానండీ అత్తయ్యా.”

“నిద్ర పడుతోందా?”

“పడుతోందండీ.”

“ఆకలి?”

“వేస్తోందండీ.”

అదే వరుస, అవే జవాబులు. మేస్త్రీ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు, ఎదురుచూపు కూడా లేదు. తాను నొక్కిన జవాబులు ఒక నోట పలికితే ఎలా ఉంటాయో భార్య అప్పుడే విన్నది. చప్పున ఫోను లాక్కుంది.

“అమ్మా, అదంతా అబద్ధం. ఆయన బాగోలేరు. అసలేం బాగోలేరు.”

అవతలి నుంచి తల్లి కసిరింది.

“ఛ, ఏం మాటలే అవి, దీపాలు పెట్టేవేళ! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పిల్లాడు చక్కగా బాగున్నానంటుంటే, మధ్యలో నీకేమొచ్చింది?”

మేస్త్రీ అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు.