ఒక్క ఏకాదశి, ఇద్దరు పెద్దలు

దిగంబర్ మృదంగం లాంటి పఖవాజ్ మీద చెయ్యి వేస్తే గోదావరి రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారని నాందేడ్ బజారులో చెప్పుకునేవారు. ఇస్లాపూర్ దేవన్న గొంతెత్తితే మాత్రం ఆ దిగంబరే చెయ్యి ఆపి వినేవాడు. ఆ మాట ఒప్పుకోమంటే చచ్చినా ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఇద్దరూ పుట్టింది ఇస్లాపూర్‌లో, ఎదురెదురు ఇళ్ళలో, ఒకే శ్రావణ బహుళ ఏకాదశి నాడు. పురుళ్ళు పోసింది కూడా శివవ్వ ఒక్కతే. ఆ రోజు పొద్దంతా ఈ గడప నుంచి ఆ గడపకు తిరిగిన ఆ మంత్రసాని, ఎవరు ముందు పుట్టారని ఎవరడిగినా "ఇద్దరు నా చేతులల్లనే పడ్డరు, ఇంకేం గావాలె?" అని నవ్వేసేది. వాళ్ళ చిన్నప్పుడే ఆమె ఒక్క మాటతో తేల్చి ఉంటే ఊరికి ఎంత గోల తప్పేదో.

పెద్దయ్యాక దిగంబర్ నాందేడ్ వచ్చి కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. దేవన్న పత్తి చేలు వదలకుండా ఊళ్ళోనే ఉండిపోయాడు. కానీ ఏటా శ్రావణంలో నాందేడ్ భజన మండలి చేసే సప్తాహానికి మూడు రోజులు బండి తోలుకుంటూ, వాగు పొంగితే గట్టున ఆగుతూ, ఎట్లాగైనా వచ్చి తీరేవాడు. వచ్చీ రాగానే దుకాణం ముందు నిలబడి "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అనేవాడు.

"ఎవడ్రా నీకు తమ్మి? నేను పుట్టి ఉగ్గుపాలు తాగినంక నువ్వు కండ్లు తెరిచినవ్" అని దిగంబర్ గద్దె మీద నుంచే అందుకునేవాడు. అరవయ్యో ఏడు వస్తున్నా ఆ పోట్లాట అలాగే ఉంది. వడ్డించేటప్పుడు ఎవరికి ముందు వేసినా రెండోవాడు అలిగేవాడు కాబట్టి, దిగంబర్ భార్య సుందరబాయి రెండు చేతుల్లో రెండు గంటెలు పట్టుకుని ఇద్దరికీ ఒక్కసారే వడ్డించడం నేర్చుకుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నేర్చిన విద్యల్లో అదే కష్టమైనదట.

ఇక సప్తాహం సంగతి. ఏడు రోజులూ వీణ ఎవరో ఒకరి మెడలో ఉండాలి, మోగుతూ ఉండాలి. నేలకు తగిలిందా, ఏడు రోజుల భజనా వృథా అయినట్టే, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వంతు మారేటప్పుడు వీణ ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఒకరి కాళ్ళకు ఒకరు మొక్కుతారు. ఆ మండలి రివాజు ప్రకారం చిన్నవాడు ముందు వంగాలి, పెద్దవాడు తర్వాత. ఈ ఇద్దరి వంతులు పక్కపక్కన పడితే ఏమవుతుందో మండలికి తెలుసు. అందుకే మండలి పెద్ద లింగమూర్తి ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ మధ్యన వెంకట్రావ్‌ను నిలబెడుతున్నాడు. వెంకట్రావ్ ఇద్దరి కంటే చిన్నవాడు, నడుము మెత్తనివాడు, ఎవరి ముందైనా వంగేవాడు.

దిగంబర్ కడుపులో మాత్రం ఒక మాట పదకొండేళ్ళుగా ఉంది. తల్లి గంగుబాయి పోయే ముందు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: "దేవన్న పొద్దుగాల ఆవులను ఇడిచే యాల్లకే పుట్టిండు కొడుకా. నువ్వు దీపం వెట్టినంక పుట్టినవ్. నీకు వాడు అన్న అయితడు." దిగంబర్ తల ఊపాడు. పై ఏడు దేవన్న వచ్చి "ఏం తమ్మీ" అనగానే ఆ ఊపిన తల అడ్డంగా తిరిగింది. దాదాపు యాభై ఏళ్ళు పెద్దవాడుగా బతికి, ఒక్కరోజులో చిన్నవాడు కావడం ఎవరికైనా కష్టమే. కానీ ఏటా వీణ మెడలో వేసుకున్న ప్రతిసారీ ఆ అబద్ధం కూడా వేసుకున్నట్టే ఉండేది అతనికి.

ఆ ఏడు ఆషాఢంలో గోనె బస్తా జారి దిగంబర్ ఎడమ భుజం మీద పడింది. నాటు వైద్యుడు కట్టు కట్టాడు. నొప్పి పోయిందని అందరితో చెప్పాడు కానీ అది ఎక్కడికీ పోలేదు.

ఏడో రోజు, ఏకాదశి. పుట్టినరోజు కూడా అదే. మధ్యాహ్నం నుంచి వీణ దిగంబర్ మెడలో ఉంది. వాన సన్నగా పడుతోంది. మగవాళ్ళంతా దిండీ ఊరేగింపు కట్టుకుని, పతాకాలు పట్టుకుని గోదావరికి పోయారు. మందిరంలో ఆడవాళ్ళు, చూపు మందగించి గోడకు ఆనుకుని కూర్చున్న లింగమూర్తి, వెంకట్రావ్ తర్వాత వచ్చే తన వంతు కోసం ముందే కాళ్ళు కడుక్కుని వచ్చిన దేవన్న, అంతే. ఆ మండలిలో ఆడవాళ్ళు వీణ పట్టే రివాజు లేదు. వంతు ముగిసే వేళకు వెంకట్రావ్ ఇంటి నుంచి కబురు వచ్చింది. చలిజ్వరం, మూడు గొంగళ్ళు కప్పినా వణుకు ఆగట్లేదట.

వీణ అందుకోవడానికి ఇక మిగిలింది దేవన్న ఒక్కడే. వీణ మోగుతూనే ఉంది.

దేవన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "వంగు తమ్మీ" అన్నాడు మెల్లగా.

"నువ్వే వంగు" అన్నాడు దిగంబర్.

"అరే, ఇయ్యాల గూడనా మీ లొల్లి?" అన్నాడు లింగమూర్తి గోడ దగ్గర నుంచి. "ఎవరో ఒకరు మొక్కుండ్రి, ఏడు దినాల పుణ్యం పోతది."

సుందరబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెకు మొగుడి మొండితనం తెలుసు, మొగుడి భుజం కూడా తెలుసు. అతని మోచేతి కింద నరం కొట్టుకోవడం ఆమెకు అక్కడి నుంచే కనిపిస్తోంది.

దిగంబర్ ఎడమచేతి వేళ్ళకు మొదట తిమ్మిరి వచ్చింది. తర్వాత వేళ్ళు ఉన్నాయో లేవో తెలియకుండా పోయింది. వీణ కుండ అతని నడుము మీద నుంచి కొంచెం జారింది. మోకాలితో ఆపాడు. ఇప్పుడు వంగుదామన్నా వంగలేడు, వంగితే వీణ నేల మీదే ఉంటుంది. మిగిలింది నోరు ఒక్కటే. 'అన్నా' అంటే చాలు, దేవన్న అన్నీ చూసుకుంటాడు. రెండు అక్షరాలు. నోరు తెరిచాడు. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. తన మీద తనకు అంత రోత ఎప్పుడూ కలగలేదు.

దేవన్న అతని ముఖం చూశాడు. చెయ్యి చూశాడు. ఇంకేమీ అనకుండా నడుము వంచి, దిగంబర్ రెండు పాదాలను కళ్ళకు అద్దుకున్నాడు. లేస్తూ లేస్తూ కుడిచెయ్యి వీణ కుండ కిందికి పోనిచ్చి, ఎడమచేత్తో అతని మెడలోని దారం తప్పించి, తన మెడలో వేసుకున్నాడు. అంతవరకూ దిగంబర్ కుడిచెయ్యి మీటుతూనే ఉంది, తీగె ఒక్కసారి కూడా ఆగలేదు. "జారింది గద, పట్టుకున్న" అన్నాడు, ఏదో సంచి పట్టుకున్నట్టు.

ఇప్పుడు రివాజు ప్రకారం పెద్దవాడు కొంచెం నడుము వంచి, తిరిగి మొక్కితే చాలు. దిగంబర్ అలా చెయ్యలేదు. నేల మీద సాష్టాంగపడ్డాడు. కుడిచేత్తో దేవన్న పాదం పట్టుకుని, అందరికీ వినిపించేలా అన్నాడు: "నేను చిన్నోణ్ణే. దీపం వెట్టినంక పుట్టిన. మా అవ్వ చెప్పి పోయింది. పదకొండేండ్ల సంది తెలుసు నాకు. చెప్పలే. తప్పయింది అన్నా."

లింగమూర్తి గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. ఆడవాళ్ళలో ఎవరో ముక్కు మీద వేలు వేసుకున్నారు.

దేవన్న వీణ మీటుతూనే ఉన్నాడు. "లే" అన్నాడు. "నాకు గూడ తెలుసు. మీ అవ్వ నీకంటె ముందుగాల నాకే చెప్పింది. 'నువ్వు పెద్దోనివి బిడ్డా, వాడు మొండోడు, వాడంతట వాడు ఒప్పుకునేదాక ఓర్చుకో' అన్నది."

దిగంబర్ లేచి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"ఊకోకుంటే ఏం జేస్త? నేను చెప్పంగనే నువ్వు అన్నా అంటవు, నా ముంగట మంచిగ తల వంచుకొని కూసుంటవు. గప్పుడు నాతోని కొట్లాడేటోడు ఎవడున్నడు? మూడు రోజులు బండి తోలుకొని గందుకే గద అచ్చేది." గొంతు తగ్గించాడు. "మొన్న అచ్చినప్పటి సంది ఇంటున్న, పఖవాజ్ మీద నీ ఎడమ చెయ్యి దెబ్బ మెత్తగ పడుతుంది. గంతమంది మోసపోవచ్చు, నేను మోసపోతననుకున్నవా? గా చెయ్యితోని ఇంతసేపు నిలబడ్డవ్. పిచ్చోడా."

నలభై ఏళ్ళుగా ఆ గొంతుకు తోడు వాయించిన చెయ్యి అది. ఎక్కడ బలం తగ్గిందో వైద్యుడికి తెలియలేదు, భార్యకు సగమే తెలిసింది, దేవన్నకు మొదటి దెబ్బకే తెలిసింది. దిగంబర్ పఖవాజ్ ముందుకు లాక్కున్నాడు. ఎడమవైపు అద్దిన గోధుమపిండిని బొటనవేలితో సరిచేశాడు. దేవన్న పాట ఎత్తుకున్నాడు. ఎడమ దెబ్బ పడాల్సిన చోటల్లా దేవన్న కొంచెం గొంతు పెంచి కప్పేశాడు. గోదావరి నుంచి తడిబట్టలతో తిరిగి వచ్చినవాళ్ళు, ఆ రోజు పాట ఎప్పటికంటే బాగుందని అన్నారు.

మర్నాడు ద్వాదశి, ఒక్కపొద్దు విడిచే రోజు. దిగంబర్ ఇంట్లో రెండు ఆకులు వేశారు. పుట్టినరోజు పాయసం ఎప్పుడూ ఆ రోజే. సుందరబాయి అలవాటు కొద్దీ రెండు చేతుల్లో రెండు గంటెలతో వచ్చింది.

"ముందుగాల అన్నకు వడ్డియ్" అన్నాడు దిగంబర్, తల దించుకుని, మంచి తమ్ముడిలాగా.

ఆమె చేతులు గాలిలో ఆగిపోయాయి. దేవన్న మొహం నిజంగానే వాడిపోయింది. పదకొండేళ్ళుగా భయపడిన రోజు వచ్చినట్టే చూశాడు ఆకు వైపు. తర్వాత తన ఆకును దిగంబర్ ఆకుకు ఆనేలా జరిపాడు. ఇన్నేళ్ళుగా పేరుపెట్టి పిలిచిన ఆమెను మొదటిసారి వరుసపెట్టి పిలిచాడు.

"మరదలా, పెద్దోణ్ణి చెప్తున్న, ఇను. ఎప్పటి లెక్కనే, రెండు గంటెలు ఒక్కపారి." దిగంబర్ వైపు తిరిగాడు. "నువ్వేంది, మూగోని లెక్క కూసున్నవ్? కొట్లాడు."

"గిదేం పెద్దరికం?" అన్నాడు దిగంబర్, మొదట మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "పొద్దుగాల పుట్టంగనే అయిపోయిందా? ఆవులను ఇడిచే యాల్ల అని ఎవడు సూసిండు?"

"అద్దీ" అన్నాడు దేవన్న, ఆకు ముందుకు లాక్కుని. సుందరబాయి రెండు గంటెలూ ఒక్కసారే వంచింది.