ఫిరంగి పుస్తకం

నాన్న చెవుడు ముసలితనం వల్ల వచ్చిందట! సైనికుల పింఛను బోర్డు రెండుసార్లు అదే మాట రాసి పంపింది. కూతురికి ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యేళ్లు ఫిరంగిలో గుండ్లు ఎక్కించి, ముప్పై ఎనిమిదో ఏట ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోంచి పిలిస్తే ఆనాడే పలకలేదు. అదేం ముసలితనం? తన చెవులు ఎక్కడ పోయాయో సర్కారు ఒక్కసారి ఒప్పుకోవాలి, అదీ ఆయన పట్టు.

తప్పు ఆయనలోనూ ఉంది లెండి. చెవి పోయిందంటే ఫిరంగి దగ్గర్నుంచి తీసి వంటశాలలో పడేస్తారని దళమంతా నోరు కుట్టేసుకునేది. కొలువు వదిలి వచ్చే రోజు పరీక్షలో ఈ మహానుభావుడు డాక్టరు పెదవులు చూసి జవాబులు చెప్పి, "వినికిడి బాగుంది" అన్న కాగితం మీద దర్జాగా సంతకం పెట్టొచ్చాడు. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే.

"ఇంత తెలివి ఎవరిచ్చారు నాన్నా నీకు?" అని కూతురు కాగితం మీద రాసి చూపించింది.

"కుర్రతనం తల్లీ! ఫిరంగికైతే పుస్తకం ఉండేది. పేల్చిన ప్రతి గుండూ రాసేవాళ్లం. మనిషికెవడు రాస్తాడు?"

ఆ మాట పట్టుకుని కూతురు నాలుగు నెలలు ఆయుధాల గిడ్డంగి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి గిడ్డంగి గుమాస్తా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఫిరంగి తుక్కుకి పోయిందమ్మా. ఇది మాత్రం మిగిలింది."

తేదీ, గుండ్ల సంఖ్య, నిలబడ్డవాళ్ల పేర్లు. పేజీ తరవాత పేజీ, నాన్న పేరు. మొత్తం పద్దెనిమిది వేల పైచిలుకు గుండ్లు. బాబోయ్! టీవీ గట్టిగా పెడతాడని తాను రోజూ విసుక్కున్నది ఈ మనిషినేనా?

నాన్నను వెంటబెట్టుకుని ఆమె పట్టుకెళ్లిన పుస్తకం నకళ్లన్నీ బోర్డులో పెద్ద డాక్టరు తిరగేసి, మూడు చోట్ల ఆగాడు. మూడు చోట్లా ఒకటే రాత: ఫిరంగి గొట్టం అరిగింది, మార్చాలి.

"మీ నాన్నగారు ఎక్కడ నిలబడేవారమ్మా?"

"గొట్టం వెనకేనండీ. బారెడు దూరంలో."

ఆయన పక్క డాక్టర్ల వైపు తిరిగి అన్నాడు: "ఉక్కు మూడుసార్లు అరిగిందని మనవాళ్లే సంతకాలు పెట్టారు. మూడుసార్లూ కొత్తది బిగించారు. ఈయన మాత్రం అవే చెవులతో నిలబడ్డాడు."

పాత ఉత్తర్వులో "వయసు వల్ల" అన్నది కొట్టేసి, "కొలువు వల్ల" అని రాసి, కాగితాన్ని ముసలాయన వైపు తిప్పాడు.

ఆయన చదువుకున్నాడు. వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. భోరుమన్నాడు. తన ఏడుపు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియదు. ఆ గదిలో ఎవరూ ఊరుకోమని చెప్పలేదు.