సౌసన్ మడిలో పురుగు

పువ్వుల పని నాకు రాదు. నాకు వచ్చింది పసుపు పని. ఆ ముక్క సౌదీలోని హాయిల్‌లో దిగిన రోజే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. కానీ ఏజెంటు నా కాగితం మీద తోటమాలి అని రాశాడు. వీసా ఇచ్చిన కఫీల్ అబూ ఫహద్ నన్ను ఎగాదిగా చూసి, పూల పని తెలుసా అని అడిగాడు. నేను తలూపాను. ఆర్మూరు పక్కన మా ఊళ్లో తాతల నాటి నుంచి పసుపు దుంపలు తవ్వుతున్నాం, మట్టిలో మొలిచేది ఏదైతే నాకేం లెక్క అనుకున్నాను. లింబాద్రికి తెలియనిది లేదు అని మా ఆవిడ సరళ ఎప్పుడూ దెప్పేది ఊరికే కాదు.

అది చెప్పుకునేంత పెద్ద తోటేమీ కాదు. నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒక దానిమ్మ, వంటింటి కిటికీ ముందు మంచమంత మడి. ఆ ఇంటికి ఆ మడే తోట. అందులో సౌసన్ అనే తెల్లపూల మొక్కలు. నిటారుగా నిలబడే ఆకులు, అడుగున అల్లం కొమ్ముల్లా ఒకదాన్నొకటి అంటుకుని పాకే దుంపలు. అవి అబూ ఫహద్ తల్లి హలీమావి. ఆమెనూ, ఆమె చెల్లెలు మునీరానూ అత్తవారిళ్లకు పంపేటప్పుడు వాళ్లమ్మ ఒకే గుబురును రెండుగా చీల్చి చెరో సగం చేతిలో పెట్టిందట. హలీమా సగం హాయిల్ వచ్చింది. మునీరా సగం కువైట్ పోయింది.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మునీరా ఇంటి ఫోను మూగబోయింది. ఆ రోజు నుంచి హలీమా కిటికీ దగ్గర రేడియో పెట్టుకుని, వార్తలు వింటూ ఆ మడినే చూస్తూ కూర్చునేది. ఇక్కడి ఇళ్లలో పెద్దావిడను పనివాళ్లు ‘మామా’ అని పిలుస్తారు. మొదట్లో మేనమామను పిలుస్తున్నట్టు అనిపించి నాకు నవ్వొచ్చేది. ఆ ఏడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నాకూ కాలు నిలవడం లేదు. జులైలోనే సెలవు ముగించుకుని వచ్చాను. సెప్టెంబరులో సరళ ఉత్తరం వచ్చింది, నెల తప్పిందని, మార్చిలో కాన్పని. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, ఆ సంగతి తెలిసేసరికి పన్నెండు రోజులు గడిచాయి. ‘ఈపారి నువ్వు నా పక్కన లేకుంటె నేను బతుకనేమో’ అని రాయించింది. మళ్లీ సెలవు రావాలంటే రెండేళ్లు ఆగాలి. పాస్‌పోర్టు అబూ ఫహద్ బీరువాలో ఉంది. పైగా యుద్ధం వస్తుందంటున్నారు. పొద్దున లేచింది మొదలు కాలుగాలిన పిల్లిలా ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేవాణ్ణి. చేతికి పని లేకపోతే పిచ్చెక్కుతుందని, ఉన్న పని చాలక కొత్త పని కల్పించుకున్నాను.

అక్టోబరులో ఒక రోజు, అప్పటిదాకా నీళ్లు పెట్టడం తప్ప నేను చెయ్యి పెట్టని ఆ మడిలో దుంపలు వీపులు బయటపెట్టుకుని ఎండలో పడి ఉండటం చూసి నాకు ఒళ్లు మండింది. పసుపు చేనులో ఒక్క దుంప అలా బయటపడినా మా నాన్న పార విసిరేవాడు. రెండు తోపుడు బండ్ల మట్టి తెచ్చాను, మాగిన మేకల ఎరువు కలిపాను, ఆకుల మొదళ్ల దాకా ఎగదోశాను. పైన ఖర్జూరపు ఆకు కప్పి నీళ్లు నిండా పెట్టాను. మడి చూస్తే మా చేనే కళ్ల ముందుకొచ్చింది.

హలీమా బయటికొచ్చి చూసింది. “ఇలా కప్పుతారా?” అని అడిగింది.

“మా ఊళ్లో ఇలాగే మామా. కప్పకపోతే దుంప ఊరదు,” అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

“నీకు దుంపల సంగతి తెలుసు కదా,” అంది. ఆ తర్వాత నా ముఖం చూసి, ఏమైందని అడిగింది. సరళ సంగతి చెప్పాను. “సౌసన్ చలికాలం చివర్లో పూస్తుంది. పూలు విచ్చిన రోజు నా కొడుకుతో చెప్పి నిన్ను పంపిస్తాను. అప్పటిదాకా వీటిని చూసుకో. నా చెల్లెలి గుర్తుగా నాకు మిగిలినవి ఇవే,” అంది.

నా ప్రాణం లేచొచ్చింది. చలికాలం చివరంటే ఫిబ్రవరి. కాన్పు మార్చి నడుమ. లెక్క సరిగ్గా సరిపోయింది.

నవంబరు దాటాక ఆకుల మొదళ్ల దగ్గర చిన్న చిన్న బెజ్జాలు కనిపించాయి. బెజ్జం చుట్టూ తడిసిన రంపపు పొట్టులా ఏదో అంటుకుని ఉంది. ఆకు పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చింది, కుళ్లు కంపు కొట్టింది. మట్టిలో వేలు పెట్టి చూస్తే దుంప మెత్తగా దిగబడింది. లోపల గులాబి రంగు పురుగు, నా చిటికెన వేలంత పొడవు, తొలుచుకుంటూ పోతోంది. బజారులో మందు డబ్బా కొనుక్కొచ్చి చల్లాను. మూడు రోజుల తర్వాత చూస్తే ఇంకో నాలుగు ఆకులకు బెజ్జాలు.

ఊరి బయట గోధుమ ఫారంలో అమ్మిరాజు అనే ఆయన పనిచేసేవాడు. భీమవరం వైపు మనిషి, వ్యవసాయం చదివి వచ్చినవాడు. డిసెంబరులో ఒక శుక్రవారం ఇంటివాళ్లు పెళ్లికి పోయినప్పుడు ఆయన్ను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన మడి ముందు గొంతుక్కూర్చుని ఒక దుంప బయటికి లాగాడు.

“ఈ మట్టి ఎవడు ఎగదోశాడయ్యా?” అన్నాడు.

“నేనే సార్. పసుపుకు జేసినట్టు జేసిన.”

“ఇది పసుపనుకున్నావేంటి? దీని వీపు ఎండకి కాలాలి. అలా కాలితేనే గట్టిగా ఉంటది, పురుగు జోలికి రాదు. నువ్వు చుట్టూ చెమ్మ పెట్టి, పైన దుప్పటి కప్పి మరీ పురుగుని పడుకోబెట్టావు.”

“మందు కొట్టిన సార్. పోతలేదు.”

“దుంప లోపలున్నదానికి పైన కొట్టిన మందేం తగుల్తది? మొత్తం తవ్వెయ్. కుళ్లిందంతా కోసి పారెయ్. గట్టి ముక్కలు నాలుగు రోజులు ఆరబెట్టి, వీపు పైకి కనపడేలా మళ్లీ నాటు. బతుకుతాయ్. కాపోతే ఈ ఏడు పూలు రావు.”

“పూలు రాకుంటె నేను ఇంటికి పోను సార్,” అని సంగతంతా చెప్పాను.

ఆయన చేతులు దులుపుకుని లేచాడు. “తవ్వకపోతే ఎండాకాలానికి మడిలో మొక్కే మిగలదయ్యా. పోనీ సగమైనా తవ్వు. పెద్దావిడతో చెప్పి తవ్వు.”

“సరే సార్,” అన్నాను.

తవ్వలేదు. సగం మడి తవ్వితే కిటికీలోంచి ఆమెకు కనపడుతుంది, ఎందుకు తవ్వావని అడుగుతుంది, నాకు తెలియక చేశానని చెప్పాలి. తెలియదు అన్న మాట అరబ్బీలో నేర్చుకున్న మొదటి మాటల్లో ఒకటి. ఆ ఇంట్లో మాత్రం ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు. చెప్పాక నన్నెందుకు పంపుతుంది? సరళ ఒక పక్క, దుంపలు ఒక పక్క. ఇందులో ఆలోచించేదేముంది అని నాకు నేనే కోపంగా చెప్పుకున్నాను. అయినా ఆలోచన ఆగలేదు, అదీ నా కర్మ.

అప్పటి నుంచి రోజూ హలీమా కిటికీ తెరవకముందే మడి దగ్గరికి పోయేవాణ్ణి. బెజ్జాలు పడ్డ ఆకులు కత్తెరతో కోసి జేబులో కుక్కుకునేవాణ్ణి. పొట్టు తుడిచేవాణ్ణి. సన్నని ఇనుప తీగ బెజ్జంలో దూర్చి అందిన పురుగును పొడిచేవాణ్ణి. అందనివి ఎన్నో దేవుడికెరుక. పల్చబడ్డ చోట పక్క ఆకులు లాగి మూసేవాణ్ణి. జనవరిలో యుద్ధం మొదలైంది. కిటికీలకు టేపులు అంటించారు. రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయని రేడియో చెప్పేది. ఊరి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. క్షిపణి వచ్చి ఈ మడి మీద పడితే నా తప్పు ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అని ఒక రోజు అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి ఆఖర్లో కువైట్ విడిపించారని రేడియోలో వచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే మడిలో మూడు పూలు విచ్చాయి. నిరుడు నలభై దాకా పూశాయి. ఈ మూడూ తెల్లగా, నిలువుగా, ఏ రోగమూ ఎరగనట్టు నిలబడ్డాయి. హలీమా బయటికొచ్చి వాటి ముందు కూర్చుని ఏడ్చింది. పూలు పూశాయంటే చెల్లెలు బతికే ఉందంది. మూడేనా అని కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో మూడు వారాలుగా తయారు చేసి పెట్టుకున్నాను, అది దండగైంది.

వారం తిరగకుండా అబూ ఫహద్ నా పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు, రెండు నెలల్లో వెళ్లి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వేయించి. హలీమా బిడ్డకని ఒక తెల్లటి ఊలు కంబళి ఇచ్చింది. ఆమె కళ్లలోకి చూడకుండానే తీసుకున్నాను.

మార్చి పధ్నాలుగున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆసుపత్రి వరండాలో సరళ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు ఇంకేమీ గుర్తు రాలేదు, ఆ మాట నిజం. ఇంటికొచ్చాక మొదలైంది. ఊరంతా పసుపు తవ్వే రోజులు. ఎక్కడ చూసినా దుంపల కుప్పలే. ప్రతి కుప్ప దగ్గరా ఆగి, ఒక దుంప విరిచి లోపల చూసేవాణ్ణి.

“పొద్దుగాల లేస్తవు, చేండ్ల పొంటి తిరుగుతవు. పిల్లను ఎత్తుకుంట గూడ ఎటో జూస్తవు. ఏమైంది నీకు?” అంది సరళ.

చెప్పాను. ఆమె బిడ్డ మీద కంబళి సర్దుతూ విన్నది.

“ఆమె పంపితెనే గదా నువ్వొచ్చినవు. గా ముసలామెకు ఒక్క మాట జెప్పకుండ ఎట్లొచ్చినవయ్యా?” అంది.

మే మొదటి వారంలో హాయిల్ చేరాను. మడిలో ఆకులన్నీ నేలకు అతుక్కుని గోధుమరంగుకు తిరిగాయి. కిటికీ దగ్గర ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు. మునీరా కువైట్ నుంచి వచ్చి పది రోజులైందట. ఆమె తోటలో సైనికులు బండ్లు నిలిపారు, ఏడు నెలలు నీళ్లు లేవు, నూనె బావుల మసి కప్పేసింది. ఒక్క మొక్క మిగల్లేదు. అక్క దగ్గర సగం తీసుకుపోదామని వచ్చింది.

“ఆకులు ఎండాయని అబూ ఫహద్ తవ్విస్తానన్నాడు. నేనే ఆపాను. లింబాద్రి వచ్చి తీస్తాడు, అతనికి దుంపల సంగతి తెలుసు అన్నాను,” అంది హలీమా.

పార తీసుకున్నాను. మొదటి వేటుకే కంపు లేచింది. మట్టి పక్కకు లాగితే అంతా బురద. దుంపలు ఉండాల్సిన చోట ఖాళీ తొక్కలు, వాటిలో పురుగు తిరిగిన దారులు. ఇద్దరూ నా ఎదురుగా నిలబడి చూస్తున్నారు. తవ్వుతూనే ఉన్నాను. ఏదో ఒకటి గట్టిగా చేతికి తగలకపోతే తల ఎత్తలేననిపించింది.

మునీరా వంగి పిడికెడు మట్టి తీసింది. “వీటి మీద ఇంత మట్టి ఎవరు పోశారు? అమ్మ ఎప్పుడూ వీపు ఎండకే ఉంచేది కదా.”

“నేనే పోయమన్నాను,” అంది హలీమా వెంటనే.

నా చేతిలో పార ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు, చెల్లెలి వైపే చూస్తోంది. తన పనివాణ్ణి ఒక మాట అననివ్వకూడదని ఆ ముసలామె తన తల్లి మొక్కను తానే చంపుకున్నట్టు ఒప్పుకుంది. పార కింద పెట్టాను.

“మామా అనలేదు. నేనే పోశాను,” అన్నాను. “ఈ మొక్క సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ తెలియదు. డిసెంబరులో ఒకాయన వచ్చి చెప్పాడు, తవ్వితే బతుకుతాయని. తవ్వితే పూలు రావు, నన్ను పంపరు. అందుకని దాచాను.”

హలీమా గట్టు మీద కూర్చుంది.

“బిడ్డ బతికిందా?” అని అడిగింది.

“బతికింది మామా. ఆడపిల్ల.”

“డిసెంబరులో చెప్పి ఉంటే తవ్వించేదాన్ని,” అంది. “పూలు లేకపోయినా నిన్ను పంపేదాన్ని.”

తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం దాకా ఆ మడి మట్టి మొత్తం వేళ్లతో జల్లించాను. బొటనవేలంత గట్టి ముక్కలు రెండు దొరికాయి. కోసి, కడిగి, ఆరబెట్టాను. ఒకటి మునీరా రుమాలులో కట్టుకుని కువైట్ పట్టుకుపోయింది. రెండోది మడి నడుమ నాటాను, సగం వీపు బయటికి కనపడేలా. నాటిన తర్వాత నా చెయ్యి దానంతటదే మట్టి ఎగదోయడానికి పోయింది. బలవంతాన వెనక్కి తీసుకున్నాను. హలీమా ఆ తర్వాత కొన్ని నెలలు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

చలికాలం వచ్చేసరికి ఆ ముక్క మూడు ఆకులు వేసింది. డిసెంబరులో ఒక పొద్దున వెళ్లి చూస్తే, నడిమి ఆకు మొదట్లో చిన్న బెజ్జం, దాని చుట్టూ తడి పొట్టు. కిటికీ ఇంకా తెరవలేదు. కత్తెర నా చేతిలోనే ఉంది.

కత్తెర గట్టు మీద పెట్టి, వెళ్లి వంటింటి తలుపు కొట్టాను.

“ఏంటి?” అంది హలీమా లోపలి నుంచి.

“పురుగు మామా,” అన్నాను. “వచ్చి చూడండి.”