ఆయన మాటల్లోనే

ఈ తలుపుకి ఎవరూ ఒక చుక్క నూనె వెయ్యరేమిటి, తెరిచినప్పుడల్లా కిర్రుమంటుంది, పళ్ళు జివ్వుమంటాయి, అనుకుంటూనే నర్సు ముందు వరస కుర్చీలో సర్దుకుని కూర్చుంది, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం తరవాత మళ్ళీ బడిపిల్లలా నోటుపుస్తకం, పెన్ను, బోర్డు మీద పరిశోధన, నీతి అని పెద్ద అక్షరాలు, దాని కింద చెప్పడం, వినడం, తిరిగి చెప్పించుకోవడం, ఆ మూడో మాట దగ్గర చూపు ఇరుక్కుపోయింది, ఒళ్ళో సంచి, సంచిలో పెద్ద డాక్టరు ఇచ్చిన కాగితం, సాయంత్రంలోగా సంతకం చేసెయ్యమ్మా అన్నాడు, కొత్తగా ఏముంది ఇందులో, వడ్రంగికి అన్నీ వివరించాను, ఆయన తన మాటల్లో తిరిగి చెప్పాడు, నాలుగు వాక్యాలు, అంతే, ఆయన చావు మీద విచారణ ముగిసిపోతుంది, అంగీకార పత్రంలో ఆ మాట ఎదురుగా నువ్వు పెట్టిన టిక్కే నిన్ను కాపాడుతుంది, నన్నూ కాపాడుతుంది.

టిక్కు పెట్టింది ఆ వడ్రంగి వచ్చాక కాదు, ఆ రోజు పొద్దున్నే, పన్నెండు మంది వస్తారని పన్నెండు పత్రాలు ముందేసుకుని, కాఫీ చల్లారేలోపు, బఠానీలు ఒలిచినంత సులువుగా పన్నెండు టిక్కులు, అందరూ అలాగే చేస్తారు, చెప్పడం చెబుతాం కదా, వాళ్ళు తల ఊపుతారు కదా, ఆయనా ఊపాడు, ఈ గదిలోనే, అదిగో ఆ కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గోళ్ళలో రంపపు పొట్టు, రక్తం పలచబరిచే కొత్త మాత్ర, రోజుకొకటి, ఒక్కరోజు కూడా మానకూడదు అన్నది గట్టిగా చెప్పింది, ఎవరైనా మానేస్తే పరిశోధన పాడైందని పెద్ద డాక్టరు ప్రాణం తీస్తాడు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తే వెంటనే ఆపేసి రావాలి అన్నది మూడో పేజీ అడుగున ఉంది, చదివింది, చదవలేదని కాదు, పైవాడు చూస్తున్నాడు, చదివింది, ఎక్స్‌ప్రెస్ బండి చిన్న స్టేషను దాటినట్టు చదివింది.

పోయిన వారం వడ్రంగి భార్య వచ్చింది, ఏడవలేదు, అరవలేదు, అరిచినా బాగుండేది, నాలుగు రోజులు చిగుళ్ళ నుంచి రక్తం కారిందమ్మా, పంటి బాధనుకుని ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మాత్ర మాత్రం మానలేదు, నర్సమ్మ అంత గట్టిగా చెప్పింది, మానితే ఏం బాగుంటుంది అన్నాడు, ఐదో రోజు తలలో రక్తం, స్ట్రెచరు మీద ఈ గది ముందునుంచే తీసుకెళ్ళారు, ఇంటికి మాత్రం రాలేదు, ఇదిగో ఆయన సంతకం పెట్టిన ఈ కాగితం మా అక్క కొడుకు చదివి పెట్టాడు, ఆయన తన మాటల్లో చెప్పాడని ఉందట, ఏం చెప్పాడమ్మా, ఒక్కసారి చెప్పు, ఇంట్లో ఏమడిగినా ఊఁ అనేవాడే తప్ప నోరు విప్పేవాడు కాదు, ఇంత సంగతి ఎలా చెప్పాడో వినాలని ఉంది, అర్థమైందన్నాడమ్మా అంది నర్సు, అంతేనా, అంతే, ఆ అబద్ధాన్నే కొంగున ముడేసుకున్నట్టు ఆవిడ మెల్లగా వెళ్ళిపోయింది, ఆ రోజు నుంచి నర్సు దేవుడి ముందు కూర్చుంటే నోరు తిరుగుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది, ముప్ఫై ఏళ్ళుగా అప్పజెబుతున్న స్తోత్రమే, ఏం కావాలే నీకు, నీ మాటల్లో చెప్పు అని ఆ దేవుడు అడిగితే ఏం చెబుతుంది, అడగడు, ఓపిక ఎక్కువ, లేక ఆయన కూడా తల ఊపి ఊరుకుంటున్నాడా.

అక్కా, మిమ్మల్నే, నిద్రా ధ్యానమా, శిక్షణ మేడమ్ గొంతు, అందరూ నవ్వారు, మీరు రోగి, ఇతను డాక్టరు, వెళ్ళి ఆ కిటికీ పక్కన కూర్చోండి, ఆ కుర్చీయే, వేరే కుర్చీ లేదా అని అడుగుదామనుకుంది, అడగలేదు, కూర్చుంది, ఎదురుగా కుర్ర డాక్టరు, నాలుగు వార్డులకి వినబడే గొంతని అందరూ మైకు అంటారు, చూడండమ్మా, ఈ పరిశోధనలో మీరు, అని మొదలెట్టాడు, ఆమె తల ఊపింది, పాపం చెమటలు పట్టేశాయి కుర్రాడికి, అందరి ముందూ నిలబెట్టారు, మధ్యలో ఆపితే చిన్నబుచ్చుకుంటాడు, మళ్ళీ ఊపింది, తలుపు కిర్రుమంది, టీ వచ్చింది, ఊపింది, ఇప్పుడు చెప్పండమ్మా, నేనేం చెప్పానో మీ మాటల్లో, ఆమె నోరు తెరిచింది, లోపల ఒక్క ముక్క లేదు, కడిగిపెట్టిన గిన్నెలా ఖాళీ, మైకు చెప్పినా వినబడలేదంటే అక్కని చెవుల డాక్టరుకి చూపించాల్సిందే అని వెనకనుంచి ఎవరో, మళ్ళీ నవ్వులు, మేడమ్ నవ్వలేదు, మరి తల ఎందుకు ఊపారు అంది.

ఎందుకు ఊపింది, విని కాదు, ఒప్పుకుని కాదు, ఎదుటివాడు కష్టపడి చెబుతున్నాడు, నొచ్చుకోకూడదని, అంటే ఆ వడ్రంగీ అంతే, ఆ తల ఊపింది మందుకి కాదు, తనకి, తన మీద మర్యాదకి, ఈ కుర్చీలోంచి చూస్తే కనబడేది పత్రం కాదు, తలుపు, పైన వదులై వేలాడుతున్న మడతబందు, ఆయన అంతసేపూ చూసింది దాన్నే, సంతకం పెట్టి లేచి, తలుపు దగ్గర ఆగి, బందుని వేలితో కదిపి చూశాడు, ఆ రోజంతటికీ నోరు విప్పింది అప్పుడే, దీని మర వదిలేసింది తల్లీ, రోజంతా ఈ కిర్రుకిర్రు ఎలా భరిస్తున్నావ్, ఈసారి వచ్చేటప్పుడు పనిముట్లు తెస్తాలే, ఔను, అదీ ఆయన తన మాటల్లో చెప్పింది, సంచిలో కాగితం సంచిలోనే ఉంటుంది, ఉద్యోగం పోతే పోతుంది, ముందు ఆయన భార్య దగ్గరికి వెళ్ళాలి, తలుపు సంగతి చెప్పాలి, ఆ మాటలు ఆవిడవి, ఆ తరవాత మిగతాది కూడా చెప్పాలి, టిక్కు ఆయన రాకముందే పెట్టానని, మూడో పేజీ గురించి ఆయన ఏమీ అనలేదని, అనకపోవడం ఆయన తప్పు కాదని, ఎందుకంటే తను అడగనే లేదు.