అద్దానికి వీపు తిప్పి

పొద్దున అంట్లు తోమడం అయిపోయాక, తడిచేతులు కొంగుకు తుడుచుకుని కమలాక్షమ్మ చీకటిగదిలోకి పోయేది. అక్కడ కూడా కడగడమే. నంద్యాలలో ఆదినారాయణ ఫోటో స్టూడియో అంటే తెలియనివాళ్ళు లేరు. తీసేది ఆదినారాయణ. కెమెరాలో ఫిల్ము రోలు ఎక్కించేది, తీసిన ఫోటోలు కడిగేది, తీగకు ఆరేసేది, పెండ్లికూతుళ్ళ బుగ్గల మీది అమ్మవారి మచ్చల్ని సన్న కుంచెతో మాయం చేసేది, వంకరగా వచ్చిన మనుషుల్ని అంచులు కత్తిరించి నిటారుగా నిలబెట్టేది ఆయన భార్య. గిరాకీలు వచ్చి "ఏం తీసినావప్పా!" అంటే ఆదినారాయణ మీసం దువ్వుకునేవాడు. ఆమె కంటబడితే, "మా ఆడమనిషి. కడిగి పెడ్తాది" అని ఊరుకునేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఆమె కెమెరా చేతిలోకి తీసుకుంటే అత్తగారు చూసి, "ఆడ పెట్టమ్మా. మగోళ్ళ పనిముట్టు అది. నీ చేతికి చాట ఉండాది గదా" అంది. ఆ మాటకు కమలాక్షమ్మ చాట అందుకుంది. కానీ కెమెరా తుడిచే పని కూడా ఆమెదే కదా, తుడిచినంతసేపూ పైనున్న అద్దంలోకి తొంగి చూసేది. వీధిలో ఎడమకు పోయే బండి ఆ అద్దంలో కుడికి పోయేది. మొగుడు చెప్పని విద్య ఆమె ఆ తుడుపులోనే నేర్చుకుంది.

పంతొమ్మిది వందల యాభై ఏడులో, ఎండలు ముదరక ముందు, ఆళ్ళగడ్డకు ఎగ్జిబిషన్ వచ్చింది. పెద్ద రాట్నం, కొయ్యగుర్రాలు, మనిషిని గుమ్మడికాయలాగా, తాటిచెట్టులాగా చూపించే వింత అద్దాల డేరా, అన్నీ ఉన్నాయి. ఆదినారాయణ నంద్యాలలో తాళం వేసి, ఆళ్ళగడ్డలో ఒక గది తీసుకుని, గేటు పక్కనే స్టాలు పెట్టాడు. స్టాలులో ఒక అట్ట చందమామ, ఒక అట్ట విమానం. విమానానికి ఒక రెక్క పొట్టి. అయినా జనం దాంట్లో కూర్చుని, గాల్లో ఎగురుతున్నంత భయంగా మొహం పెట్టి ఫోటో దిగేవాళ్ళు.

ఎగ్జిబిషన్ మేనేజరు బాలస్వామి ఒక కట్టడి పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడవాళ్ళ పూట. ఆ పూట గేటు లోపల మగపురుగు ఉండకూడదు. అంగళ్ళవాళ్ళయినా సరే, బయటికి పోయి టీ కొట్టు దగ్గర కూర్చోవలసిందే. అంగళ్ళలో వాళ్ళ భార్యలో తల్లులో కూర్చునేవాళ్ళు. ఆ కట్టడి ఉండబట్టే, గడప దాటని పెద్దిళ్ళ ఆడవాళ్ళు కూడా గూడుబండ్లు కట్టించుకుని వచ్చారు.

ఆదినారాయణ కెమెరాను స్టాండుకు బిగించి, నేల మీద సున్నంతో గీత గీసి, భార్యను పిలిచాడు. "మే, వాళ్ళను చందమామ మీద కూచోబెట్టు. నువ్వీడ నిలబడి నొక్కు. అంతకు మించి తెలివి చూపియ్యాకు" అన్నాడు.

వచ్చినవాళ్ళను ఆమె చందమామ మీద కూర్చోబెట్టింది. అద్దంలోకి చూసింది. ఊపిరి బిగబట్టి, ముక్కుపుడక సరిచేసుకుని, పెండ్లిచూపులకు కూర్చున్నట్టే ఉన్నారు. ఇట్లాంటి మొహాలు తను ఎన్ని కడగలేదు! అవి ఎవరి మొహాలో కూడా చెప్పలేం, మొగుడో మామో పక్కనుండి "కదలాకు" అంటే కదలక ఉన్న మొహాలు. మొహం మీద మచ్చ అయితే కుంచెతో తీసేయొచ్చు, ఆ బిగువును ఏ కుంచెతో తీసేది అనుకుంటూ నొక్కింది. అంతలో చాగలమర్రి ఉమామహేశ్వరమ్మ కోడళ్ళతో వచ్చింది. లావుపాటి మనిషి, అరవై దాటింది. చందమామను ఎగాదిగా చూసి, "నేనెక్కితే ఇరిగి పడ్తాదమ్మా ఇది. రాండి పాపా, అద్దాల డేరాలోకి పోదాం" అని వెళ్ళిపోయింది.

వెళుతున్న వాళ్ళ వీపుల వంక కమలాక్షమ్మ కాసేపు చూసింది. అప్పటికే కోడళ్ళు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు, ముసుగులు జారుతున్నాయి. చందమామ ఎక్కనంతవరకూ వాళ్ళు ఎంత బాగున్నారో! ఆమె గబగబా స్టాండు మరలు విప్పింది. భయం వేసింది, ఇంట్లో ఎదురుచూస్తున్న తిట్లు గుర్తొచ్చాయి. అయినా కెమెరా మెడలో వేసుకుంది.

వింత అద్దాల డేరాలో అందరూ అద్దాల్లోకి చూస్తున్నారు. కమలాక్షమ్మ మాత్రం అద్దానికి వీపు తిప్పి నిలబడింది. అద్దంలో ఉన్నది అందరూ చూసేదే. అద్దాన్ని చూస్తున్న మనుషుల్ని చూసేవాళ్ళేరీ? డేరా గుడ్డలోంచి ఎండ మెత్తగా దిగుతోంది. ఉమామహేశ్వరమ్మ తన పొట్ట బానంత అవడం చూసుకుని మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత చెయ్యి తీసేసింది, తర్వాత కోడలి భుజం పట్టుకుని తల వెనక్కి వాల్చి, ఉన్న నాలుగు పండ్లూ కనబడేట్టు నవ్వింది. కమలాక్షమ్మ నొక్కింది.

ఇక ఆమెకు కాళ్ళు నిలవలేదు. కొయ్యగుర్రాల ముందు కాదు, గుర్రాల కాళ్ళ సందుల్లోంచి చూసింది. రాట్నం ఎదురుగా కాదు, వెనక్కి పోయింది. అక్కడ చక్రం నీడ నేల మీద తిరుగుతుంటే, పిల్లల తల్లులు ఆ నీడలో పడకుండా పరికిణీల నాటి ఆటలాగా దుముకుతున్నారు. రాట్నం తిప్పే మొగుడు సుంకన్నను గేటు బయటికి పంపేసి, కాసె బిగించి రాట్నం తొక్కుతోంది మద్దమ్మ. ఆమె పిక్కల బలం చూసి, "అట్లనే ఉండక్కా!" అని కేకేసింది కమలాక్షమ్మ. "ఉంటే తిరగదు గదమ్మా! తిరుగుతాంటేనే తియ్యి" అంది మద్దమ్మ. అట్లాగే తీసింది. రోలు అయిపోయాక గానీ తను చెప్పుల్లేకుండా తిరుగుతున్నట్టు ఆమెకు తెలియలేదు. ఇంత సంతోషం తన ఒంట్లో ఎక్కడ దాగి ఉండిందో అనుకుంది.

సాయంత్రం ఆదినారాయణ తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టాడు. "ఎవురు చెప్పినారే గీత దాటమని? రోలు మట్టిపాలు చేస్తివి." మర్నాడు పొద్దున ఆమె కడిగి ఆరేసిన ఫోటోలు మాత్రం తీగ మీంచి తీశాడు. ఒక్కొక్కటే వెలుగులో పట్టి చూశాడు. బాగుందని అనలేదు. అన్నీ తీసుకుపోయి స్టాలు ముందర బల్లకు గుచ్చాడు.

"వాళ్ళనడగల్ల గదా. ఉండేదంతా ఆడోళ్ళేనని నమ్మి నా ముందర నవ్వినారు" అంది ఆమె.

"యాపారం నీకేం తెల్సు? లోపలికి పో."

మధ్యాహ్నానికల్లా జనం కమ్ముకున్నారు. "ఎవురు తీసినారప్పా ఇవి?" అంటే ఆదినారాయణ ఛాతీ విరిచి, "ఇంకెవురు? నేనే" అన్నాడు. అడిగినవాడికల్లా అదే చెప్పాడు. స్టాలు వెనక కూర్చుని వింటున్న కమలాక్షమ్మకు కడుపు మండిపోయింది. పెండ్లయినప్పటి నుంచీ తన పని అతని పేరుమీద పోతూనే ఉంది. కానీ నిన్నటి పూట కూడా పోవాలా? ఆ నవ్వులు తన ఎదురుగా పూసినవి. వాటిని కూడా లాక్కుంటే ఇక తనకంటూ మిగిలేదేమిటి?

అప్పుడే గేటు ముందు ఉమామహేశ్వరమ్మ వాళ్ళ గూడుబండి ఆగింది. ఆళ్ళగడ్డలో చుట్టాలింట్లో పడుకుని చాగలమర్రికి తిరిగిపోతున్నారు వాళ్ళు. ఉమామహేశ్వరమ్మ కొడుకు లక్ష్మీనారాయణ పిల్లలకు బొమ్మలు కొనడానికి దిగి, బల్ల మీద తల్లి నవ్వుతున్న ఫోటో చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎవుడు తీసింది ఇది?"

గొంతులోని వేడి ఆదినారాయణకు అందలేదు. "నేనేనన్నా! బాగుండాదా?"

లక్ష్మీనారాయణ అతని చొక్కా పట్టుకున్నాడు. "ఆడోళ్ళ పూట లోపల దూరినావురా? మా ఇంటోళ్ళు నవ్వుతాంటే చాటునుండి తీసినావా?"

గుంపులో గోల లేచింది. బాలస్వామి పరుగెత్తుకొచ్చి, "స్టాలు పీకండి" అని అరిచాడు. ఆదినారాయణ మీసం వణికింది. "నేను గాదన్నా, దేవుని తోడు. నేను టీ అంగట్లో ఉండినా. మా ఆడమనిషి తీసింది."

"పొద్దుట్నుంచి నేను నేనని చెప్తాండ్య! ఇప్పుడు పెండ్లాం చాటుకు పోతావా?"

కమలాక్షమ్మ ముందుకు వచ్చింది. "నేనే తీసినా."

లక్ష్మీనారాయణ ఆమె వంక జాలిగా చూశాడు. "మొగున్ని కాపాడుకునేకి చెప్తాండావ్ తల్లీ. నువ్వు పక్కకు పో."

ఆ జాలి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. అతను అబద్ధం చెబితే అందరూ నమ్మారు. తను నిజం చెబితే పతిభక్తి అంటున్నారు. ఆమె నోరు తెరిచేలోగా గూడుబండి తెర పక్కకు పోయింది. అంతమంది మగవాళ్ళ మధ్యకు, ముసుగు లేకుండా, ఉమామహేశ్వరమ్మ దిగి వచ్చింది. కొడుకు చెయ్యి తీసి పక్కన పెట్టి, ఫోటో దగ్గరికి వంగి చూసింది.

"ఆయమ్మే తీసిందిరా. నా ముందరే నిలబడి తీసింది. నీకు కండ్లు లేవా? మగోడు ఎదురుంటే నా మొగానికి ఈ నవ్వు యాడనుంచి వస్తాది? మీ నాయన ముందర నేనెప్పుడన్నా ఇట్ల నవ్వంగా చూసినావా?"

లక్ష్మీనారాయణ తల్లి మొహం చూశాడు, ఫోటో చూశాడు. కమలాక్షమ్మ ఆ ఫోటోను బల్ల మీంచి పీకబోతే ఆ ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీ. ఇంతకాలం దాచుకున్న మొగమే గదా. నాకింకొకటి కడిగియ్యి, మా నడవలో పెట్టుకుంటా. కిందపక్క నీ పేరు రాయి పాపా."

గుంపులో ఎవరో అన్నారు, "అయితే ఫోటోగ్రాఫరు ఈయమ్మా!" అని. ఆ మాట గేటు దాకా పాకింది. మొదటిసారి కమలాక్షమ్మ తల వంచుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తిరగనిచ్చింది.

జనం సర్దుకున్నాక ఆదినారాయణ చొక్కా సరిచేసుకుని, ఆస్తి రాసిచ్చేవాడిలా, "సరేలే. శుక్రవారాలు నువ్వే తీసుకో" అన్నాడు. ఆమె కొత్త రోలు ఎక్కించి కెమెరా మెడలో వేసుకుంది.

"యాడికి పోతాండావ్? అన్నమో?"

"బియ్యం డబ్బాలో ఉండాయి."

సాయంత్రపు ఎండ మైదానమంతా పసుపు పూసింది. రాట్నం చుట్టూ మగవాళ్ళే ఉన్నారు. వాళ్ళను దాటుకుంటూ పోయి ఆమె తొట్టిలోకి ఎక్కి కూర్చుంది. తొక్కబోయిన సుంకన్న ఆగిపోయి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఈ పొద్దు ఆడోళ్ళ పూట గాదు గదా."

"తెల్సులే సుంకన్నా. ఇది ఎలుతురు బాగుండే పూట. తిప్పు."