చిన్నబాబుకి వస్తోంది

"కానీ నాయనా, కానియ్," అన్నాడు డ్రైవరు గొలుసు వదులు చేస్తూ.

కుక్క గడ్డిని వాసన చూసింది. రెండు చుట్లు తిరిగింది. కిలోమీటరు రాయి దాకా పోయి, దాన్నీ వాసన చూసి, అక్కడే నిలబడిపోయింది. దానికి తారు మీద రాదు, సిమెంటు మీద రాదు, గాలికి ఎదురుగా అసలే రాదు. పచ్చిగడ్డి కావాలి, అదీ దాని పాదాలు మునిగేంత. ఈ రోడ్డున అలాంటి గడ్డి ఎక్కడెక్కడ ఉందో డ్రైవరుకి కంఠతా వచ్చు. మొదట ఈ కిలోమీటరు రాయి, తర్వాత మూతపడ్డ పెట్రోలు బంకు వెనక గోడ, ఆ తర్వాత ఇటుకబట్టీ దాటాక వచ్చే కల్వర్టు.

అతను కారుకి వీపు తిప్పి, కుక్క పక్కనే నిలబడి, తన పని తాను కానిచ్చుకున్నాడు. వెనకనుంచి చూసేవాళ్ళకి కుక్కకోసం ఓపిగ్గా నిలబడ్డ మనిషిలాగే ఉంటాడు. యాభై ఆరేళ్ళవాడు. పొద్దున్నే తనే ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కా వీపు దగ్గర అప్పుడే నలిగిపోయింది. ఏళ్ళ తరబడి కిటికీ మీద మోచెయ్యి ఆనించడంవల్ల ఒక భుజం కాస్త కిందికి దిగింది. నడిచేటప్పుడు కుడిమోకాలు పెడలు మీద ఉన్నట్టే కొంచెం వంగి ఉంటుంది.

కారెక్కగానే వెనకసీట్లోంచి అమ్మగారు కాగితాల మీంచి తలెత్తకుండా అడిగింది.

"సుస్సు పోశాడా?"

"పోశాడండీ."

కుక్క ఒక్క చుక్క పొయ్యలేదు. ఆమె పక్కన ముడుచుకుని పడుకుని, అద్దంలోంచి అతనికేసి చూసింది.

అమ్మగారికి మూడు ఊళ్ళలో మూడు కొట్లున్నాయి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టించి అమ్ముతుంది. భర్త పోయాక ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ప్రతి సోమవారం మూడు కొట్లూ చుట్టి రావడం ఆనవాయితీ. డ్రైవరు చేరి పంతొమ్మిదేళ్ళయింది. మొదటి పదేళ్ళూ కుక్క లేదు. పొద్దున ఇంటిదగ్గర బయల్దేరితే కొట్టు వచ్చేదాకా కారు ఆగేది కాదు. ఆమె ఎప్పుడూ ఆపొద్దనలేదు, నిజం చెప్పాలంటే. ఇతనే అడగలేదు. వెనక ఒక పెద్దింటి ఆడమనిషి కూర్చుని ఉండగా, నాకు ఒంటికి వస్తోందండీ అని ఎలా చెప్పడం? నోట్లో మాట నోట్లోనే ఉండేది. అందుకని నీళ్ళు తాగడం మానేశాడు. రెండుసార్లు కిడ్నీలో రాళ్ళొచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. నీళ్ళు తాగవా అని అక్కడి డాక్టరు తిడితే, ఇంటికెళ్ళాక తాగుతానండీ అన్నాడు.

తర్వాత చిన్నబాబు వచ్చాడు. గుప్పెడంత కుక్కపిల్ల. దాన్ని కుక్క అంటే అమ్మగారు ఊరుకోదు. చిన్నబాబు అనాలి.

"ఇదిగో డ్రైవరూ, వీణ్ణి రెండు గంటలకోసారి దింపాలి. ఆపుకుంటే కిడ్నీలు పాడైపోతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నోరులేని జీవం, పాపం, అడగలేడు కదా," అంది మొదటి సోమవారమే.

డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. కుళ్ళంటే కుళ్ళే, దానికి వేరే పేరెందుకు. పదేళ్ళు ఆపుకున్న జీవం ముందుసీట్లో కూర్చుని ఉంటే, పది వారాల జీవానికి రెండు గంటలకోసారి విడిదులు! దాని సంచిలో తడిగుడ్డలు, బిస్కట్లు, నీళ్ళకి స్టీలుగిన్నె, పరిచేందుకు పాత పేపర్లు. దిగితే కాళ్ళు తుడవాలి. అది గడ్డిలో కాలెత్తితే చాలు, అమ్మగారు కిటికీ దించి "శభాష్ నాన్నా" అనేది. మూడురోజులు నరకం చూసి రాయి పడిపోయిననాడు కూడా ఇతన్ని శభాష్ అన్నవాళ్ళు లేరు.

"నాది కుక్క బతుకైపోయింది," అన్నాడు ఆ రాత్రి భార్యతో.

"మీకంత అదృష్టం కూడానా? ఆ కుక్కకున్న భోగం మీకేదీ?" అంది ఆవిడ.

అయితే నెల తిరక్కుండానే కిటుకు పట్టుబడింది. తనకి రాగానే, "చిన్నబాబుకి వస్తోందండీ" అనేవాడు. "అయ్యో, ఆపు ఆపు," అనేది అమ్మగారు. ఇద్దరూ దిగేవాళ్ళు, ఇద్దరూ కానిచ్చేవాళ్ళు. నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళలో మళ్ళీ రాళ్ళు రాలేదు. కుక్కని చూస్తే కడుపుమంట, కుక్క లేకపోతే గడవదు. ఈ సంగతి కుక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన సోమవారం బంకు గోడ దగ్గర అది చాలాసేపు నిలబడి, చుక్కలు చుక్కలుగా పోసింది. చుక్కలు ఎర్రగా ఉన్నాయి. ఎరుపంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. చెబుదామని కారు దాకా వచ్చాడు. చెబితే అమ్మగారు దాన్ని ఇంట్లో ఉంచేస్తుంది, సోమవారాలు తీసుకురాదు. మళ్ళీ ఇంటినుంచి కొట్టుదాకా బిగబట్టుకుని కూర్చోవాలి. వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాడు.

ఆ వచ్చేవారం ఇదే. బంకు గోడ దగ్గర కూడా కుక్క పొయ్యలేదు. అతను పోశాడు.

"పోశాడా?"

"పోశాడండీ."

ఇటుకబట్టీ దాటుతుంటే కుక్క లేచి, రెండు ముందుసీట్ల మధ్య తలపెట్టి, అతని మోచెయ్యి మీద మూతి ఆనించింది. ఊపిరి వేడిగా, పొట్టిపొట్టిగా వస్తోంది. కల్వర్టు దగ్గర తలుపు తీస్తే దిగలేకపోయింది. అతను దాన్ని ఎత్తుకున్నాడు. అరచేతికి పొట్ట బిర్రుగా తగిలింది. ముట్టుకోగానే మూలిగింది. ఆ మూలుగు అతనికి తెలుసు. ఆసుపత్రి మంచం మీద తను మూలిగిందీ అలాగే.

"అమ్మగారూ, డాక్టరు దగ్గరికి పోదామండీ."

"ఏమైందయ్యా?"

"పోదామండీ," అని దాన్ని ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, గుంటలు చూడకుండా తోలాడు.

పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. బల్లమీద కుక్కని తడిమి, "ఎప్పటినుంచి పొయ్యట్లేదండీ?" అని అడిగింది.

"పొయ్యకపోవడమేమిటి? పొద్దుట్నుంచి రెండుసార్లు పోశాడు. మా డ్రైవరు చూశాడు."

"ఇది పోసిన పొట్ట కాదండీ," అని డాక్టరు డ్రైవరు వైపు తిరిగింది.

డ్రైవరు గొలుసుని చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"పొయ్యలేదండీ."

"పోశాడన్నావుగా?" అంది అమ్మగారు.

"పోసింది నేనండీ."

అమ్మగారు అతన్ని పైనుంచి కిందిదాకా, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కోపమా, అర్థం కాకపోవడమా అతనికి తెలియలేదు.

"పోయినవారం ఎర్రగా పోశాడండీ. చూశాను. చెప్పలేదు," అన్నాడు మళ్ళీ. అది ఎవరూ అడగలేదు.

"మూత్రానికి గొట్టం వేసి చూస్తాను. అంతా బయటికి వచ్చాక బాగా దాహం వేస్తుంది, నీళ్ళు రెడీగా ఉంచుకోండి," అంది డాక్టరు.

అమ్మగారు గోడకేసి చూస్తూ, "గిన్నెలో నీళ్ళు పోసి కార్లో పెట్టు," అంది.

అతను స్టీలుగిన్నెని కుళాయి కింద మూడుసార్లు కడిగి, నిండా పట్టి, వెనకసీటు ముందు నేలమీద ఒరగకుండా పెట్టాడు. లోపలికి వచ్చేసరికి కాంపౌండరు బల్ల తుడుస్తున్నాడు. చిన్నబాబు మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. గుండె తట్టుకోలేదట.

"పొద్దున్నే తెచ్చుంటే?" అని అడిగింది అమ్మగారు.

"చెప్పలేనండీ. పోయినవారమైతే..." అని డాక్టరు అక్కడితో ఆపేసింది.

ఆసుపత్రి వెనక స్థలంలోనే పూడ్చారు. గొయ్యి సగం డ్రైవరే తవ్వాడు.

తిరుగుదారిలో అమ్మగారు చప్పుడు కాకుండా ఏడ్చింది. అద్దంలో కనిపిస్తూనే ఉంది. రేపు నేను పోతే ఈవిడ ఇలా ఏడుస్తుందా అనుకున్నాడు డ్రైవరు. అనుకోగానే, చచ్చినదాని మీద కూడా కుళ్ళేనా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా కుళ్ళు పోలేదు.

కల్వర్టు వచ్చింది. ఆపలేదు. బంకు వచ్చేసరికి పొత్తికడుపు బరువెక్కింది. ఆపలేదు. అక్కణ్ణుంచి ప్రతి గతుకూ లోపల పొడిచినట్టే ఉంది. నుదుటిమీద చెమట పట్టింది, మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగించి తోలుతున్నాడు. కిలోమీటరు రాయి కనుచూపు మేరలోకి వచ్చింది.

"నీకు వస్తోందా?" అంది అమ్మగారు.

తొమ్మిదేళ్ళుగా ఆ మాటకోసమే కుక్క మీద కుళ్ళుకున్నాడు. ఇప్పుడు అడిగింది, తననే అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు.

"లేదండీ," అన్నాడు.

"ఆపుకోగలవా?"

"అలవాటేనండీ."

రాయి వెనక్కి పోయింది. ఇల్లు చేరాక అమ్మగారు తలుపు తనే తీసుకుని దిగింది. మెట్లదాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

డ్రైవరుకి వెంటనే దిగడం చేతకాలేదు. స్టీరింగు పట్టుకుని, ఇంజను నడుస్తుండగానే కాసేపు అలాగే కూర్చున్నాడు. వెనకసీటు ముందు గిన్నెలో నీళ్ళు ఇంకా నిండుగా, ఇంజను అదురుకి సన్నగా వణుకుతున్నాయి.